మెఫీబోషెతు: జీవితం, పేరు అర్థం (తరచుగా అడిగే ప్రశ్నలు)

మెఫీబోషెతు ఎవరు?

ఇశ్రాయేలు మొదటి రాజు సౌలుకు మనవడు, దావీదు ప్రాణస్నేహితుడు యోనాతానుకు కొడుకు. బెన్యామీను గోత్రం. చిన్నప్పుడే రెండు కాళ్ళూ దెబ్బతిన్నాయి. తాత వంశం కూలిపోయాక యొర్దాను నదికి అవతల పెరిగాడు. పెద్దయ్యాక దావీదు పిలిపిస్తే యెరూషలేముకు వచ్చి, అక్కడే ఉండి, రోజూ రాజు బల్ల దగ్గర భోంచేశాడు. కాలం క్రీ.పూ. 1000కి కాస్త అటూ ఇటూ.

ఆయన కథ ఒక్కచోట ఉండదు. బైబిలులోని రెండవ సమూయేలు గ్రంథంలో 4, 9, 16, 19, 21 అధ్యాయాల్లో ముక్కలు ముక్కలుగా వస్తుంది. మొదటి దినవృత్తాంతాల వంశావళిలో కూడా ఉంటాడు కానీ అక్కడ పేరు వేరు.

మన ప్రసంగాల్లో ఆయన ఎప్పుడూ జాలిపడాల్సిన మనిషే. గ్రంథం చదివితే మాత్రం, ఓడిపోయిన రాజవంశంలో మిగిలిన వారసుడు కనిపిస్తాడు. ఆయన చుట్టూ జరిగిన ప్రతిదానికీ మూలం అదే. కింది జవాబుల్లో ఈ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఓపిక పట్టండి.

వరసకు దావీదు ఆయనకు ఏమవుతాడు?

మామయ్య. సౌలు కూతురు మీకాలు దావీదు భార్య. ఆమె యోనాతానుకు తోబుట్టువు కాబట్టి మెఫీబోషెతుకు మేనత్త. మరి మేనత్త భర్త మామయ్యే కదా! గ్రంథం ఈ వరసను ఎక్కడా ఎత్తదు, యోనాతాను స్నేహం గురించే మాట్లాడుతుంది. ఇక సౌలు తర్వాత కొన్నాళ్ళు రాజుగా ఉన్న ఇష్బోషెతు ఆయనకు చిన్నాన్న.

కాళ్ళు ఎలా పోయాయి?

గిల్బోవ కొండ మీద ఫిలిష్తీయులతో జరిగిన యుద్ధంలో సౌలు, ఆయన ముగ్గురు కొడుకులు ఒకే రోజు చనిపోయారు. వాళ్ళలో యోనాతాను ఒకడు. ఆ కబురు యెజ్రెయేలు నుంచి వచ్చేసరికి మెఫీబోషెతుకు అయిదేళ్ళు. దాది పిల్లాడిని ఎత్తుకుని పరుగు తీసింది. ఆ తొందరలో వాడు పడిపోయాడు, రెండు కాళ్ళూ పనికిరాకుండా పోయాయి (2 సమూయేలు 4:4). ఎముకలు విరిగాయా, వెన్ను దెబ్బతిందా అన్నది గ్రంథం చెప్పదు.

కొంతమంది ఆ దాదిని నిర్లక్ష్యం చేసిందని తిడుతూ చెబుతుంటారు. నాకది అన్యాయమనిపిస్తుంది. రాజు ఓడిపోతే ఆయన ఇంట్లో మగపిల్లల్ని బతకనివ్వని రోజులవి. ఆమె పరిగెత్తబట్టే వాడు బతికాడు.

ఆ సంగతి ఇష్బోషెతు హత్య మధ్యలో ఎందుకు చెప్పారు?

మంచి ప్రశ్న, చాలామంది దీన్ని గమనించరు. నాలుగో అధ్యాయం మొదలయ్యేది ఇష్బోషెతు సైన్యాధిపతులు బయనా, రేకాబులతో. మధ్యలో హఠాత్తుగా ఈ పిల్లాడి గురించి ఒక వాక్యం. ఆ వెంటనే ఆ ఇద్దరూ మధ్యాహ్నం నిద్రపోతున్న ఇష్బోషెతును చంపి, తల నరికి హెబ్రోనులో ఉన్న దావీదు దగ్గరికి పట్టుకెళ్ళడం. బహుమతి వస్తుందనుకున్నారు, మరణశిక్ష పడింది.

ఇష్బోషెతు పోతే సౌలు ఇంట్లో సింహాసనం అడగగల వాళ్ళు ఎవరున్నారు? పెద్ద కొడుకు యోనాతానుకు పుట్టిన ఈ పిల్లాడు. వాడు యుద్ధానికి వెళ్ళలేడు, సైన్యాన్ని నడపలేడు. ఆ ఒక్క వాక్యంతో రచయిత సౌలు వంశానికి ఇక దారి లేదని చెప్పేశాడు.

మెఫీబోషెతు అంటే అర్థం ఏమిటి?

హీబ్రూలో ఈ పేరును ‘మెఫిబోషెత్’ అని పలుకుతారు. చివరి భాగం ‘బోషెత్’ విషయంలో పెద్ద గొడవ లేదు: సిగ్గు, అవమానం. ముందు భాగం దగ్గరే అభిప్రాయాలు చీలతాయి.

‘మిప్పీ’ అంటే నోటి నుంచి. అలా చూస్తే ‘అవమానపు నోట నుంచి వచ్చినవాడు’ అని వస్తుంది. ఇంకొందరు దాన్ని చెదరగొట్టడం, ముక్కలు చేయడం అనే అర్థమున్న ధాతువుతో కలుపుతారు. అప్పుడు ‘సిగ్గును చెదరగొట్టేవాడు’ అవుతుంది. మన సంఘాల్లో ఎక్కువగా వినబడే ‘అవమానాన్ని పోగొట్టేవాడు’ అనే అర్థం ఈ రెండోదే. వినడానికి బాగుంటుంది, ప్రసంగానికి అతుకుతుంది, అందుకే నిలిచింది.

యూదు రబ్బీలు, అంటే మతగురువులు, ఇంకో దారి పట్టారు. వాళ్ళ ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముదులో, బెరాఖోత్ భాగంలో ఈయన్ని దావీదుకు ధర్మశాస్త్రం చెప్పే గురువుగా చూపిస్తారు. దావీదు ఏదైనా తీర్పు తప్పుగా చెబితే ఈయన ఎదురు చెప్పి సిగ్గుపరిచేవాడట, అందుకే ‘నోటితో సిగ్గుపరిచేవాడు’ అనే అర్థంలో ఆ పేరు వచ్చిందట. చరిత్రగా తీసుకోలేం. అయినా అన్నం పెట్టించుకున్నవాడిని రాజుకు పాఠం చెప్పేవాడిగా మార్చిన ఆ ఊహ నాకు ఇష్టం.

నా మట్టుకు, పైవాటిలో ఏదీ తల్లిదండ్రులు అనుకున్న అర్థం కాదు. ఎందుకో కింద చూడండి.

వంశావళిలో ‘మెరీబ్బయలు’ అని ఉంది. ఈయనేనా?

ఈయనే. మొదటి దినవృత్తాంతాలు 8:34లో యోనాతాను కొడుకు మెరీబ్బయలు, అతని కొడుకు మీకా అని ఉంది. రెండవ సమూయేలు 9:12లో మెఫీబోషెతు కొడుకు పేరు కూడా మీకాయే. అంటే ఇద్దరూ ఒకరే.

ఇది ఒక్క ఈయనకే జరగలేదు. చిన్నాన్న ఇష్బోషెతు పేరు దినవృత్తాంతాల్లో ఎష్బయలు. న్యాయాధిపతి గిద్యోనుకు యెరుబ్బయలు అని ఇంకో పేరుంది కదా, రెండవ సమూయేలు 11:21లో అది యెరుబ్బెషెతు అయింది. మూడు చోట్లా ‘బయలు’ పోయి ‘బోషెతు’ వచ్చింది. కనానీయుల దేవుడు బయలు పేరు నోట పలకడమే తప్పనుకున్న కాలంలో, ప్రతులు రాసేవాళ్ళు దాని స్థానంలో సిగ్గు అనే మాట పెట్టారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. హోషేయ 9:10లో, యిర్మీయా 11:13లో బయలును బోషెత్ అని పిలవడం దీనికి తోడు.

బోషెత్‌కు ప్రాచీన మెసొపొతేమియా భాష అక్కాదీలో ఠీవి, బలం అనే అర్థమిచ్చే మాటతో చుట్టరికం ఉందని, అది నిజంగానే పేర్లలో వాడిన గౌరవ పదమని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆసక్తికరమే. కాకపోతే మూడు పేర్లలోనూ బయలు స్థానంలోనే ఆ మాట కనబడడాన్ని అది అంత తేలిగ్గా వివరించలేదు.

మెరీబ్బయలుకు అర్థం చెప్పడం కొంచెం సులువు. ‘రీబ్’ అంటే వాదించడం, వ్యాజ్యమాడడం. ‘బయలు వాదిస్తాడు’ లేదా ‘బయలుతో వాదించేవాడు’. యెరుబ్బయలులో ఉన్నదీ ఇదే ధాతువు. అయితే మొదటి దినవృత్తాంతాలు 9:40లో ఒకే వచనంలో ఈ పేరు రెండు రకాలుగా రాసి ఉంది, రెండోసారి ఒక అక్షరం తగ్గి ‘మెరీ బయల్’ అయింది. కొన్ని గ్రీకు ప్రతుల్లో మెఫీబోషెతు బదులు ‘మెంఫిబాల్’ అని కనిపిస్తుంది. ఇంకా తమాషా, ప్రాచీన గ్రీకు అనువాదంలో నాలుగో అధ్యాయమంతా ఇష్బోషెతును కూడా మెఫీబోషెతు అనే పిలుస్తారు. ఈ ఇంటి పేర్లు నకళ్ళు రాసేవాళ్ళను చాలానే ఇబ్బంది పెట్టాయి.

యోనాతాను అంత భక్తుడు. కొడుక్కి బయలు పేరెలా పెట్టాడు?

‘బయలు’ మొదట ఒక దేవుడి సొంత పేరు కాదు. యజమాని, ప్రభువు, భర్త అని అర్థమిచ్చే మామూలు మాట. సౌలు, దావీదుల కాలంలో ఇశ్రాయేలు దేవుణ్ణి కూడా ఆ మాటతో పిలిచినట్టుంది. హోషేయ 2:16 చూడండి: ఇకమీదట నన్ను ‘బయలీ’ అని పిలవవు అని దేవుడే అంటాడు. అంతవరకూ పిలిచేవాళ్ళనే కదా దానర్థం!

దావీదు కొడుకుల్లో ఒకడి పేరు రెండవ సమూయేలు 5:16లో ‘ఎల్’తో మొదలవుతుంది. అదే కొడుకు పేరు మొదటి దినవృత్తాంతాలు 14:7లో ‘బెయెల్’తో మొదలవుతుంది, అంటే బయలుతో. దావీదును విగ్రహారాధకుడని ఎవరూ అనరు. తర్వాత ఇశ్రాయేలు రాజు అహాబు, అతని భార్య యెజెబెలుల కాలంలో బయలు పూజతో పెద్ద పోరాటం జరిగాక ఆ మాట చెడిపోయింది, పాత పేర్లు కూడా ఇబ్బందిగా తోచాయి.

ఒక చిన్న మాట. మన తెలుగు బైబిలులో ‘బయలు’ అని చూసి ఆరుబయలు, మైదానం అనుకునే కొత్త పాఠకులు ఉంటారు. ఆ రెండింటికీ ఏ సంబంధం లేదు. హీబ్రూ ‘బఅల్’ను తెలుగు లిపిలోకి తెచ్చినప్పుడు అలా కలిసిపోయింది, అంతే.

తవ్వకాల్లో ఏమైనా దొరికిందా?

ఈయన పేరిట ఏదీ దొరకలేదు. ఇలాంటి పేర్లు మాత్రం దొరికాయి. 1910లో షోమ్రోను (సమరయ) తవ్వకాల్లో, సిరా రాతలున్న కుండ పెంకులు బయటపడ్డాయి. ద్రాక్షారసం, నూనె లెక్కలవి. క్రీ.పూ. 8వ శతాబ్దానివి. వాటిలో ఒకదాని మీద ‘మెరీబాల్’ అనే పేరుంది. మన మెరీబ్బయలు కాదు, ఆ పేరే పెట్టుకున్న ఇంకో ఇశ్రాయేలీయుడు. యెరూషలేముకు నైరుతి దిక్కున ఖిర్బెత్ కెయాఫా అనే చోట దొరికిన ఒక జాడీ మీద ‘ఎష్బాల్’ అనే పేరు చదివినట్టు 2015లో ప్రకటించారు. ఆ జాడీ దాదాపు దావీదు కాలానిదే. దినవృత్తాంతాల్లోని పేర్లు అప్పట్లో నిజంగా వాడుకలో ఉన్నవేనని వీటివల్ల తెలుస్తోంది.

లోదెబారులో బీదరికంలో మగ్గిపోయాడా?

అలా ఎక్కడా లేదు. లోదెబారు యొర్దానుకు తూర్పున గిలాదు వైపు ఊరు. పేరును ‘పచ్చిక లేనిది’ అని గానీ ‘ఏమీ కానిది’ అని గానీ చెబుతారు. ఆమోసు 6:13లో ఆ రెండో అర్థం మీదే ఎగతాళి నడుస్తుంది. దాన్ని పట్టుకుని, ఈయన ఎండిపోయిన ఊళ్ళో ఆకలితో పాకుతూ బతికాడని ప్రసంగాల్లో తెగ వర్ణిస్తారు.

నిజానికి ఆయన ఉన్నది అమ్మీయేలు కొడుకు మాకీరు ఇంట్లో. ఈ మాకీరు తర్వాత 17వ అధ్యాయంలో మళ్ళీ కనిపిస్తాడు. కొడుకు అబ్షాలోము తిరుగుబాటు వల్ల పారిపోయి వచ్చిన దావీదు మనుషులకు పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, పిండి, వేయించిన గింజలు, పప్పులు, తేనె, వెన్న, గొర్రెలు పంపిన ముగ్గురిలో ఒకడు. ఒక సైన్యానికి సరుకులు పంపగలిగినవాడి ఇంట్లో పెరిగిన పిల్లాడు ఆకలితో మాడాడంటే నమ్మబుద్ధి కాదు. ఆయన అక్కడ దాక్కుని ఉండొచ్చు, అది వేరే సంగతి. పైగా సౌలు వంశానికి ఆశ్రయమిచ్చిన మనిషే చివరికి దావీదుకు అండగా నిలిచాడు. మెఫీబోషెతును దావీదు ఎలా చూసుకున్నాడో మాకీరుకు తెలుసు కదా.

దావీదు పిలిపించింది దయతోనా, రాజకీయంతోనా?

రెండూ ఉన్నాయి. యోనాతానుతో చేసిన ఒడంబడికలో (1 సమూయేలు 20) నా ఇంటివాళ్ళ మీద నీ దయ ఎన్నటికీ తీసేయకు అని యోనాతాను ముందే అడిగాడు. సౌలు కూడా తన సంతానాన్ని నాశనం చేయనని ప్రమాణం చేయించుకున్నాడు (1 సమూయేలు 24). 9వ అధ్యాయంలో దావీదు వాడిన మాట ‘హెసెద్’, ఇచ్చిన మాటకు కట్టుబడి చూపే దయ. సౌలు భూములన్నీ తిరిగి ఇచ్చాడు. సౌలు ఇంటి సేవకుడు సీబాను, అతని 15 మంది కొడుకులను, 20 మంది పనివాళ్ళను ఆ పొలాలు సాగు చేయమన్నాడు. అప్పటికే మెఫీబోషెతుకు మీకా అనే చిన్న కొడుకున్నాడు. అంటే గిల్బోవ యుద్ధం జరిగి చాలా ఏళ్ళయింది.

అదే సమయంలో, పాత వంశపు వారసుణ్ణి కళ్ళెదుట ఉంచుకోవడం ఏ రాజైనా చేసే పని. రెండవ రాజుల గ్రంథం చివర్లో బబులోను రాజు, చెరసాలలో ఉన్న యూదా రాజు యెహోయాకీనును విడిపించి తన బల్ల దగ్గరే రోజూ భోజనం పెట్టిస్తాడు. అదీ గౌరవమే, అదీ కాపలాయే. దావీదు ప్రేమ నిజం కాదని నేననడం లేదు. పాత వారసుణ్ణి చంపకుండా పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

‘చచ్చిన కుక్క’ అని తనను తాను ఎందుకు అనుకున్నాడు?

రాజు ముందు వినయంగా మాట్లాడే పద్ధతి అది. దావీదు కూడా సౌలుతో ఇదే మాట అన్నాడు (1 సమూయేలు 24:14). తాతకు దావీదు చెప్పిన మాటనే మనవడు దావీదుకు చెప్పాడు. ఆత్మన్యూనత, డిప్రెషన్ అంటూ దీని మీద పెద్ద విశ్లేషణలు అక్కర్లేదు. ప్రాణభయం మాత్రం ఉంది. దావీదు మొదట అన్నది కూడా ‘భయపడవద్దు’ అనే.

గుడ్డివాళ్ళు, కుంటివాళ్ళు ఇంట్లోకి రాకూడదన్న సామెత సంగతేమిటి?

యెరూషలేమును పట్టుకున్నప్పుడు పుట్టిన సామెత అది (2 సమూయేలు 5:8). అదే పుస్తకంలో నాలుగు అధ్యాయాల తర్వాత, అదే పట్టణంలో, అదే రాజు బల్ల దగ్గర రెండు కాళ్ళూ పనిచేయనివాడు కూర్చుని తింటున్నాడు. తొమ్మిదో అధ్యాయం చివరి వాక్యం కూడా ఆయన కాళ్ళ గురించే. రచయిత కావాలనే ఈ రెండింటినీ దగ్గర పెట్టాడని నా నమ్మకం.

సీబా ఏం చేశాడు?

అబ్షాలోము తిరగబడితే దావీదు యెరూషలేము వదిలి పారిపోయాడు. దారిలో సీబా ఎదురొచ్చాడు. జీను కట్టిన రెండు గాడిదలు, 200 రొట్టెలు, 100 ద్రాక్ష గెలలు, 100 వేసవి పండ్లు, ఒక తిత్తి ద్రాక్షారసం తెచ్చాడు. మీ యజమాని ఏడి అని అడిగితే, ‘యెరూషలేములోనే ఉన్నాడు, ఈ రోజు తన తండ్రి రాజ్యం తనకు తిరిగొస్తుందని అనుకుంటున్నాడు’ అన్నాడు. దావీదు విచారించకుండా అక్కడికక్కడే ఆస్తి అంతా సీబాకు రాసిచ్చేశాడు.

యుద్ధం అయిపోయి దావీదు తిరిగొచ్చినప్పుడు మెఫీబోషెతు ఎదురు వెళ్ళాడు. రాజు వెళ్ళిన రోజు నుంచి కాళ్ళు కడుక్కోలేదు, గడ్డం సరిచేసుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. గాడిదకు జీను కట్టించుకుని వద్దామనుకుంటే సేవకుడు మోసం చేశాడని, తన మీద చాడీలు చెప్పాడని అన్నాడు.

ఇద్దరిలో ఎవరిది నిజం?

గ్రంథం తేల్చి చెప్పదు. కానీ నాకు అనుమానం లేదు: సీబా అబద్ధమాడాడు.

మొదటిది, సీబా చెప్పిన కథ నిలబడదు. సింహాసనం కోసం తండ్రి మీదే కత్తి దూసిన అబ్షాలోము, గెలిచాక దాన్ని సౌలు మనవడికి అప్పగిస్తాడా? దావీదు అలసటలో, టెన్షన్‌లో ఉన్నాడు కాబట్టి నమ్మాడు. రెండోది, కడగని కాళ్ళు, పెరిగిన గడ్డం గురించి మెఫీబోషెతు తానే చెప్పుకోలేదు, కథ చెప్పేవాడే చెప్పాడు (2 సమూయేలు 19:24). ఒక్క రోజులో ఆ వాలకం తెచ్చిపెట్టుకోలేం. మూడోది, లాభం ఎవరికి పోయిందో చూడండి.

సీబా వైపు వాదించేవాళ్ళు ఒకటి అడుగుతారు: ఇంకెవరినైనా పిలిచి గాడిద కట్టించుకోవచ్చు కదా అని. అడగొచ్చు. కానీ ఇంట్లో మగ పనివాళ్ళంతా సీబా చేతిలోనే ఉన్నారు, గాడిదలు కూడా అతనే తోలుకుపోయాడు.

మరి దావీదు సగం సగం పంచమని ఎందుకన్నాడు?

తెలివైన తీర్పులాగా వినబడుతుంది గానీ, ఇది తీర్పు తప్పించుకోవడమే. సీబాది అబద్ధమైతే అతనికి శిక్ష పడాలి, మెఫీబోషెతు ద్రోహి అయితే ఆయనకు పడాలి. దావీదుకు ఆ రోజు బెన్యామీనీయుల మద్దతు కావాలి, సీబా, సౌలు వంశస్థుడు షిమీతో, వెయ్యి మంది బెన్యామీనీయులతో కలిసి యొర్దాను దాటి వచ్చి ముందే సేవ చేశాడు. మెఫీబోషెతు మాత్రం, రాజు క్షేమంగా వచ్చాడు, అన్నీ అతన్నే తీసుకోనివ్వండి అన్నాడు. దావీదు దానికి ఏం జవాబిచ్చాడో లేదు.

రబ్బీలు దావీదును వదల్లేదు. నువ్వూ సీబా భూమిని పంచుకోండి అని దావీదు అన్న క్షణంలోనే, దావీదు మనవడు రెహబాము, అతనికి పోటీగా రాజైన యరొబాము రాజ్యాన్ని పంచుకుంటారని ఆకాశం నుంచి ఒక స్వరం వినబడిందని తాల్ముదు షబ్బాత్ భాగంలో ఉంది. చాడీని నమ్మినందుకు అంత పెద్ద లెక్క వేశారు.

గిబియోనీయులకు అప్పగించిన మెఫీబోషెతు ఈయనేనా?

కాదు. ఆయన సౌలు ఉపపత్ని రిస్పా కొడుకు, అంటే ఈయనకు చిన్నాన్న వరస. పేరొక్కటే. మూడేళ్ళ కరువు తర్వాత, సౌలు తమవాళ్ళను చంపాడని గిబియోనీయులు అడిగితే సౌలు ఇంటివాళ్ళలో ఏడుగురిని చంపడానికి అప్పగించినప్పుడు, యోనాతానుకు ఇచ్చిన ప్రమాణం వల్ల మన మెఫీబోషెతును దావీదు తప్పించాడు (2 సమూయేలు 21:7).

సండే స్కూల్లో ‘కుంటివాడు’ అని చెప్పొచ్చా?

వచనం చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చదవండి. కథ చెప్పేటప్పుడు ‘రెండు కాళ్ళూ నడవలేని స్థితి’ అంటే చాలు. క్లాసులో కాళ్ళు బాగాలేని పిల్లాడు ఉండొచ్చు, మిగతా పిల్లలు వాడికి ఆ పేరు తగిలిస్తారు. ఇంకా, వైకల్యాన్ని పాపానికి గుర్తుగా చెప్పే అలవాటు ఈ కథకు అస్సలు పొసగదు. ఆ అయిదేళ్ళ పిల్లాడు చేసిన తప్పేమీ లేదు.

చివరికి ఏమయ్యాడు? వంశం నిలిచిందా?

మరణం గురించి ఒక్క మాట లేదు. వంశం మాత్రం నిలిచింది. మీకాకు నలుగురు కొడుకులు: పీతోను, మెలెకు, తరేయ, ఆహాజు. ఆహాజు వైపు నుంచి తరతరాలు లెక్కపెడుతూ వంశావళి ఊలాము కొడుకుల దాకా వస్తుంది. విలువిద్యలో ఆరితేరిన శూరులు, వాళ్ళ కొడుకులు, మనవళ్ళు కలిసి 150 మంది (1 దినవృత్తాంతాలు 8:40). దావీదు మాట నిలబెట్టుకోకపోయి ఉంటే యోనాతాను సంతతి ఒక్కరూ మిగిలేవాళ్ళు కాదు.

మా అబ్బాయికి ఈ పేరు పెట్టొచ్చా?

పెట్టుకోవచ్చు, తప్పేమీ లేదు. కానీ అప్లికేషన్ నింపే ప్రతిచోటా అక్షరాలు విడదీసి చెప్పాల్సి వస్తుంది, పెద్దయ్యాక ఎవరో ఒకరు అర్థం అడిగి ‘సిగ్గా?’ అంటారు. ఈ కుటుంబం నుంచే పేరు కావాలంటే యోనాతాను ఉంది, ‘యెహోవా ఇచ్చాడు’ అని అర్థం. ఇంకా పొట్టిగా కావాలంటే మీకా. పలకడానికి తేలిక, ‘యెహోవాలాంటివాడు ఎవరు?’ అని అడుగుతుంది.